దగ్గరి దారిలో వంతెన లేదు

అక్టోబరు 9, గురువారం. మబ్బు, ఉత్తరపు గాలి. దూడల దొడ్డి కడిగి ఇది రాస్తున్నాను.

కెట్లర్ కౌంటీ డ్రైవింగు లైసెన్సుల అధికారిగారికి,

అయ్యా,

విషయం: నా మనవరాలు ట్రెసా స్వోబోడా, వయసు పదిహేను, బడికి కారులో పోవుటకిచ్చిన లైసెన్సు రద్దు గురించి.

1. సదరు లైసెన్సు షరతు ప్రకారం బాలిక ఇంటి నుండి బడికి అతి దగ్గరి దారిలో మాత్రమే కారు నడపవలెను. ఆ దారి వాగు మీదుగా పోవును. వాగు మీది వంతెనను వేసవిలో కౌంటీవారే పీకివేసినారు. తమ మ్యాపులో అది ఇంకా ఉన్నది. కాగితం వంతెనకు తుప్పు పట్టదు కాబోలు.

2. అందువల్ల బాలిక ధాన్యం గోదాం మీదుగా చుట్టుదారిన వెళ్లగా తమ కౌంటీ పోలీసు డెప్యూటీ ఆపినారు.

"దగ్గరి దారి ఇది కాదు కదమ్మా?"

"దాంట్లో వంతెన లేదండీ. మీవాళ్లే పీకేశారు."

"మ్యాపులో ఉందే!"

"అయితే ముందు మీ కారు పోనివ్వండి. మీ వెనకే వస్తా."

దారి తప్పినందుకు జరిమానా, ఈ మాటకు రద్దు. పిల్ల నోరు దురుసే. అది మా ఇంటి సొత్తు. కానీ అందులో అబద్ధమేదో తాము సెలవియ్యలేదు.

3. చూపు చాలదని నా లైసెన్సు తమరే తీసుకున్నారు. దానిపై పేచీ లేదు. వాగు ఇవతలికి బడి బస్సు రాదు. పిల్లకు నేను తప్ప ఎవరూ లేరు.

4. పొలం ట్రాక్టరుకు మాత్రం తమ రూలు ప్రకారం లైసెన్సు అక్కరలేదు. చిన్న కారుకు పనికిరాని పిల్ల ఇల్లంత ట్రాక్టరుకు పనికివచ్చును! సోమవారం నుండి దాని మీదే బడికి పోవుచున్నది. ట్రాక్టరు గనుక వాగులో దిగి, తమ దగ్గరి దారినే పోవుచున్నది. నిన్న డెప్యూటీ గట్టున నిలబడి చూసినారట.

"'ఇప్పుడు రూలు ప్రకారం ఉంది' అన్నాడు తాతా! చెయ్యి కూడా ఊపాడు" అని పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కావున చుట్టుదారికి అనుమతిచ్చి లైసెన్సు తిరిగి ఇప్పించవలెను. వీలుకాదంటే, తమరే ఒకసారి ఆ వంతెన మీద నడిచి చూపవలెను. రెంటిలో ఏది సులువో చిత్తగించి సెలవియ్యగలరు.

మరో గతిలేని తమ విధేయుడు,
ఓర్విల్ స్వోబోడా

తా.క. ఎగువన పెద్ద వాన పడుతోంది. బడి వదిలి చాలాసేపయింది, పిల్ల ఇంకా రాలేదు. వాగు హోరు ఇంట్లోకి వినబడుతోంది. ఎప్పుడూ వినబడదు. తాడు తీసుకుని గట్టు దాకా పోతున్నాను. ఆవుల పాలు పితకడం ఇంకా