డబుల్ బెడ్ ఒకటి, సముద్రం వైపు

జనవరి 11, ఆదివారం

సారు ఒప్పుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా బతిమాలుతుంటే ఇవాళ చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, సరేలే వెళ్దాం అన్నాడు. నమ్మలేక ఇంకోసారి చెప్పమన్నాను. విసుక్కుంటూ చెప్పాడు. విసుక్కున్నాడంటే నిజమే.

హైస్కూల్లో జాగ్రఫీ చెబుతాడు కాబట్టి నాకు కూడా సారే. ఏ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. దేశం దాటింది మాత్రం లేదు. నేనూ అంతే. డెంటల్ ల్యాబ్‌లో పళ్ళ సెట్లు చేస్తాను. నా చేతి పళ్ళు తిరిగినంత కూడా నేను తిరగలేదు.

లోకానికి మేం రూమ్మేట్లం. నాకేం పెద్ద కోరికలు లేవు. పట్టపగలు, జనం తిరిగే రోడ్డు మీద, తన చెయ్యి పట్టుకుని ఒక్క పది నిమిషాలు నడవాలి. అంతే. దానికే ఇంత దూరం వెళ్ళాలి, ఖర్మ.

జనవరి 18, ఆదివారం

ఎక్సెల్ షీట్ వేశాను. జైల్లో పెట్టే దేశాలు ఎరుపు, ఎగాదిగా చూసే దేశాలు పసుపు, పట్టించుకోని దేశాలు ఆకుపచ్చ. సారు వెనక నుంచి తొంగిచూసి, ఇది టూర్ ప్లానా, వాతావరణ సూచనా అన్నాడు. పోరా అన్నాను.

గే ఫ్రెండ్లీ అని రాసుంటే సరిపోదు, రివ్యూలు చదవాలి. ఒక హోటల్ వాళ్ళు గుమ్మం మీద ఇంద్రధనుస్సు బొమ్మ అతికించి, లోపల ఇద్దరు మగాళ్ళకి చెరో గది ఇచ్చారట. బొమ్మని ఏం చేసుకోవాలి?

చివరికి నిన్న ఒకటి దొరికింది. పద్నాలుగు గదులు. డెబ్భై దాటిన ఇద్దరు పెద్దాయనలు రివ్యూ రాశారు. అక్కడికి రావడం పంతొమ్మిదోసారట. ఒకాయనకి మోకాళ్ళు నొప్పులు కాబట్టి ఈసారి కింద గది ఇచ్చారట. ఆ మోకాళ్ళ గురించి చదువుతుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ల్యాబ్‌లో కూర్చుని, చేతిలో ఎవరిదో పై దవడ పట్టుకుని.

ఫిబ్రవరి 2, సోమవారం

బుక్ చేసేశాను. మే 4 నుంచి 11 దాకా. డబుల్ బెడ్ ఒకటి, సముద్రం వైపు. ‘ప్రత్యేక కోరికలు’ అన్న చోట తొమ్మిదో యానివర్సరీ అని కొట్టి, చెరిపి, కొట్టి, చెరిపి, కళ్ళు మూసుకుని పంపేశాను.

ఫిబ్రవరి 21, శనివారం

సారు వాళ్ళ అక్కా బావా వచ్చారు. మంచాల డ్యూటీ పడింది.

మాకు మంచాలు రెండు. కలిపేసి పైన ఒకే పెద్ద పరుపు వేస్తాం. అక్క వస్తుందని తెలియగానే పెద్ద పరుపు చుట్టి అటకెక్కించాలి. ఒక మంచం ఇస్త్రీ బల్ల ఉన్న గదిలోకి ఈడ్చాలి. దాని మీద నా పాత దుప్పటి, గోడ మేకులకి నా చొక్కాలు. పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది, అంత అలవాటు. ఈసారి నడుం పట్టేసింది.

అమ్మానాన్నా పోయాక తనను పెంచింది ఆ అక్కే. మన సంగతి తెలిస్తే ఆవిడ గుండె ఆగి చచ్చిపోతుందంటాడు సారు. ఆవిడ గుండె కోసం నా నడుం. సరే, ఏంచేస్తాం, నాకూ ఆవిడంటే ఇష్టమే. నడుం పట్టుకుని నడుస్తుంటే చూసి, బరువులెత్తకు తమ్ముడూ అని మందలించింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మార్చి 9, సోమవారం, ఉదయం 11

హోటల్ మేనేజరమ్మ నుంచి మెయిల్. మా ఇద్దరికీ కలిపి పంపింది. మీలో ఒకరు డబుల్ బెడ్ తీసేసి విడివిడి మంచాలు వేయమన్నారు, యానివర్సరీ అన్న మాట చెరిపేయమన్నారు, ఇంకో ఇద్దరికి పక్కగది అడిగారు. ఇద్దరి పేరు మీద గది ఉన్నప్పుడు ఇద్దరినీ అడగడం మా పద్ధతి, మీకూ ఇది సమ్మతమేనా అని రాసింది.

నాలుగుసార్లు చదివాను. ముక్కూ మొహం తెలియని మనిషి నన్ను అడిగింది. ఇంట్లో మనిషి అడగలేదు.

సాయంత్రం 6.30

వచ్చాడు. మెయిల్ చూపించాను. అక్క మొన్న వచ్చినప్పుడు వీసా కాగితాలు చూసిందట, మేమూ వస్తామందట. కాదంటే అనుమానం రాదా అన్నాడు. వాళ్ళని ఎక్కడికో బస్సెక్కించి మనం తిరగొచ్చులే అన్నాడు. మరి చెయ్యి పట్టుకుని నడవడం అన్నాను. చిన్నపిల్లాడిలా మాట్లాడకు అన్నాడు. పైగా యానివర్సరీ అని ఎవడు రాయమన్నాడు నిన్ను అని నా మీదే లేచాడు.

ఒళ్ళు మండిపోయింది. గ్లాసు విసిరేశాను. స్టీలు గ్లాసు, పగలను కూడా లేదు.

మార్చి 10

ఇంట్లో కుక్కరొక్కటే నోరు తెరిచింది.

మార్చి 15, ఆదివారం

నాకు సిగ్గు లేదు. షీట్ నలుగురికి మార్చాను. బావకి ఓడలంటే ఇష్టమట, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఓడలో తిప్పే టూరొకటి వెతికిపెట్టాను. ఆ ఒక్క రోజూ మాకు మిగులుతుంది. సారు చూసి, చూద్దాంలే అన్నాడు. తన ‘చూద్దాంలే’ నాకు తెలుసు.

ఏప్రిల్ 4, శనివారం, మధ్యాహ్నం 3

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

బావ పళ్ళ సెట్ మధ్యకి చిట్లిందని అక్క ల్యాబ్‌కి తీసుకొచ్చింది. గంట పని, కూర్చోండి అని స్టూల్ వేశాను. ఉత్సాహం కొద్దీ ఓడ టూర్ గురించి చెప్పాను. ఆవిడ ఇబ్బందిగా నవ్వింది. నాకసలు రావాలని లేదు తమ్ముడూ, వీడే జనవరి నుంచి ప్రాణం తీస్తున్నాడు, మీరిద్దరూ హాయిగా వెళ్ళిరండ్రా, మధ్యలో మేమెందుకు అంటే వినడే అంది.

జనవరి నుంచి. అంటే నాకు సరేనన్న నెలలోనే. వీసా కాగితాలూ లేవు, ఏమీ లేవు. కానీ నన్ను ఆపింది అది కాదు. మీరిద్దరూ అని ఆవిడ అన్న తీరు. గ్రైండర్ ఆపేశాను. మీకు తెలుసా అక్కా అని అడిగాను.

నాలుగేళ్ళుగా తెలుసట. సారే చెప్పాడట.

ఆవిడ గుండె ఆగలేదు. ఆ రోజు కాసేపు ఏడ్చి, లేచి బట్టలు ఉతుక్కుందట. బావకి చెబితే ఓహో అని పేపర్ తిప్పాడట. మరి ఆ మంచాలేంటక్కా అన్నాను. నేల మీద ఈడ్చిన గీతలు చూస్తూనే ఉన్నానయ్యా అంది. నాకు తెలుసని నీకు తెలిస్తే నువ్వు సిగ్గుతో చచ్చిపోతావని, మళ్ళీ మా మొహం చూడవని, ఏమీ తెలియనట్టు ఉండమని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడట.

ఆవిడ చచ్చిపోతుందని నాకు, నేను చచ్చిపోతానని ఆవిడకి. నాలుగేళ్ళు! ఎన్నిసార్లు ఆ మంచం మోశాను!

ఎందుకలా చేశాడక్కా అన్నాను. అప్పుడు చెప్పింది. ఇది శాశ్వతం కాదక్కా, కొన్నాళ్ళే, ఎప్పుడో ఒకప్పుడు నా దారి నేను చూసుకుంటాను అన్నాడట ఆ రోజు. ఏదో కంగారులో అన్నాడనుకుందట. ఇద్దరూ కలిసి ఊరెళ్తున్నారని విని, పోనీలే వాడి మనసు కుదుటపడింది అని సంతోషించిందట.

సెట్ అతికించి, పాలిష్ పట్టి, కడిగి డబ్బాలో పెట్టి ఇచ్చాను. ఆవిడ వెళ్తూ వెళ్తూ నా తల నిమిరింది. అప్పటిదాకా ఏడవలేదు.

ఏప్రిల్ 4, సాయంత్రం 7

అడిగితే సారు కాదనలేదు. కనీసం అబద్ధమైనా ఆడతాడేమో అనుకున్నాను. అక్కకి తెలిస్తే తెలిసింది, నీకు తెలిసి ఏం ఒరిగేది అన్నాడు. అందరి ముందూ ఒప్పేసుకుంటే ఇక వెనక్కి దారి ఉండదు అన్నాడు.

వెనక్కి ఎక్కడికి అని అడిగాను. పిల్లల మ్యాప్ నోట్సులు ముందేసుకుని దిద్దుతూ కూర్చున్నాడు.

మోసం చేశాడు. ఇంకెవరినో తెచ్చుకుంటే ఇంత మంట ఉండేది కాదేమో. నేను సంసారం చేశాను. తను తొమ్మిదేళ్ళూ చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు. ఆ చెప్పుల కాళ్ళకే నేను నీళ్ళిచ్చాను. ఛీ.

ఏప్రిల్ 5, ఆదివారం

మంచాలు విడదీశాను. ఇవాళ మా ఇంటికి ఎవరూ రావడం లేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

హోటల్ మేనేజరమ్మకి జవాబు రాశాను. ఆలస్యానికి క్షమించమన్నాను. నాకు సమ్మతం కాదు, పక్కగది అక్కర్లేదు, మా గది ముందు అడిగినట్టే ఉంచండి అని రాశాను. అక్క తమ టికెట్లు రద్దు చేసుకుంది.

సారు కూడా రద్దు చేద్దామన్నాడు. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు. తర్వాత పక్కన కూర్చుని, భయం వేసిందిరా, అంతే అన్నాడు. అబద్ధం కాదు. నాలుగేళ్ళ క్రితం చెప్పుంటే నేనూ భయపడేవాణ్ణి, ఇద్దరం ఒకచోట కూర్చుని భయపడేవాళ్ళం. ఇప్పుడు చెబితే నేనేం చేసుకోను?

తన చెయ్యి నా చేతి మీద వేశాడు. తలుపు వేసి ఉంది. కిటికీ పరదా కూడా వేసి ఉంది. ముందు అవన్నీ చూసుకునే వేశాడు. నా చెయ్యి తీసేసుకున్నాను.

మే 3, ఆదివారం

పాస్‌పోర్ట్ పెట్టుకున్నావా అని మాత్రం అడిగాడు. పెట్టుకున్నానన్నాను.

మే 5, ఉదయం 8

హోటల్లో కాఫీ తెచ్చినామె రెండు కప్పులు పెట్టింది. ఇంకొకరు దిగి వస్తారా అని అడిగింది.

మా ఆయన రాలేదని చెప్పాను.

మా ఆయన అని పైకి అనడం ఇదే మొదలు. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. సరేనని ఒక కప్పు తీసుకెళ్ళిపోయింది.