రెండో మంచం

అక్కా, నేను బాగానే ఉన్నాను. గది దొరికింది, ఇక బెంగపడకు.

ఊరు చిన్నదే అయినా చెప్పులరిగేలా తిరిగాను. కళ్ళజోళ్ళ షాపులో నాకిచ్చే జీతానికి అందే గదులు ఊళ్ళో లేకపోలేదు. కానీ ప్రతి గుమ్మం దగ్గరా "ఎంతమంది ఉంటారు?" అనడం, ఒక్కదాన్నే అనగానే "ఫ్యామిలీకే ఇస్తామమ్మా" అని తలుపేసుకోవడం. విసుగొచ్చి, ఆఖరికి ఒక టైలరమ్మ మేడ మీద గది చూసి, మా అక్కా నేనూ ఉంటామనేశాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారుగా, నువ్వు వచ్చేవారం దిగుతావని కూడా చెప్పాను. పాపం, ఆవిడ నమ్మి మర్నాడే నీకోసం రెండో మంచం వేయించింది. నేను మెట్ల మీద కనపడితే చాలు, "మీ అక్క ఇంకా రాలేదేం?" అంటుంది.

బావ దగ్గు తగ్గిందా? నా పాత దిండు ఎవరికీ ఇచ్చెయ్యకు, వచ్చేటప్పుడు పట్టుకురా. రెండ్రోజులైనా సరే, వచ్చి ఆవిడకి కనపడి వెళ్ళు. పిల్లలకి ముద్దులు.

చోటు అయిపోయింది, అంచున రాస్తున్నాను. రోజూ షాపుకి బయల్దేరుతూ ఆ ఖాళీ మంచానికి "వెళ్ళొస్తానక్కా" అని చెప్పి తాళం వేస్తున్నాను. ఆవిడ వినాలని కాదు. నాకే అలవాటైపోయింది.

నీ చెల్లి