హాన్యా అంటే ఎవరు

1988 ఫిబ్రవరి 11, గురువారం

బూషాని, అంటే మా అమ్మమ్మని, మట్టిలో పెట్టి వచ్చాం. చేతులింకా వెచ్చబడలేదు. డెట్రాయిట్ పక్కనే ఉన్న మా హామ్‌ట్రామ్క్ చలికి నేల రాయిలా బిగుసుకుపోయింది, తవ్వేవాళ్ళు తిట్టుకుంటూనే తవ్వారు.

నాకు ఏడుపు రాలేదు. అనుమానం వచ్చింది. ఉగ్గుపాలతోనే నాకు అనుమానం పట్టించారని డొలోరెస్ పిన్ని అంటుంది. అననీ.

చర్చిలో పెట్టె మూసేముందు స్టాషా ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. బూషాది, ఆవిడది పోలండులో ఒకటే ఊరు. ఒకే ఓడలో వచ్చారట. అయినా ఇద్దరూ మాట్లాడుకోగా నేను చూడలేదు. వీధిలో స్టాషా ఎదురైతే బూషా నా చెయ్యి పట్టుకుని అవతలి వైపుకి లాక్కుపోయేది. ఆ మనిషి ఇవాళ బూషా చెంప నిమిరి, హాన్యా, హాన్యా అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

మా బూషా పేరు గెనొవెఫా. ఆ పేరే నాకూ పెట్టారు. బళ్ళో జెన్నీ అయింది.

పిన్ని పరుగున వచ్చి ఆవిణ్ణి పక్కకి తీసుకుపోయింది. ముసలిది, మతి పోయింది అని అందరికీ వినబడేలా చెప్పింది. మతి పోయింది స్టాషాకైతే పిన్ని మొహం ఎందుకు పాలిపోయినట్టు?

ఫిబ్రవరి 12

హాన్యా అంటే ఎవరని పిన్నిని అడిగాను. క్యాబేజీ చుట్టలు చల్లారిపోతున్నాయి, తిను అంది.

ఫిబ్రవరి 13

సమాధి రాళ్ళు చెక్కే బెడ్నార్చిక్ ఫోన్ చేశాడు. మంచు కరిగాక బూషా పేరు చెక్కాలి, ఏం పేరు వేయమంటారు అన్నాడు. ఏం పేరు ఏమిటి, ఆవిడ పేరే అన్నాను. ఓసారి రాయి చూసి రండి అన్నాడు.

వెళ్ళి చూశాను. పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్న రాయే, ఇవాళ కళ్ళు పెట్టి చూశాను. తాత బతికుండగానే పురమాయించిన రాయి అది. ఒక వైపు తాత పేరు, ఇంటిపేరు, సంవత్సరాలు. రెండో వైపు "భార్య". అంతే. కింద ఖాళీ. మిగతా రాళ్ళన్నింటి మీదా బతికున్న భార్యల పేర్లు కూడా ముందే చెక్కి ఉన్నాయి, చావు తేదీ ఒక్కటే బాకీ.

అప్పట్లో బెడ్నార్చిక్ అడిగితే, పేరు సంగతి తర్వాత ఆవిణ్ణే అడుగు అన్నాడట తాత. తాత పోయాక బెడ్నార్చిక్ వెళ్ళి అడిగితే బూషా మొహం మీదే తలుపు వేసిందట.

కట్టుకున్న భార్య పేరు రాయించడానికి తాతకి చెయ్యి రాలేదు. ఎందుకు? ఆ ఖాళీ ఇంకెవరి కోసమో ఉంచాడా? తాతకి ఇంకో భార్య ఉందా? ఆవిడేనా హాన్యా?

రాయి మీద అబద్ధం చెక్కిస్తే అది నా మనవలు కూడా చదువుతారు. తేల్చుకునేదాకా బెడ్నార్చిక్‌కి పేరు చెప్పను.

ఫిబ్రవరి 16, పొంచ్కీ మంగళవారం

రేపటి నుంచి ఉపవాసాలు కదా, పొంచ్కీల కోసం, జామ్ కూరి నూనెలో వేయించిన ఆ బన్నుల కోసం, ఊరు ఊరంతా బేకరీ ముందు లైను కట్టింది. నా వెనక ఫాదర్ కజిమీర్. చేతిలో రెండు డజన్ల పెట్టె, మొహంలో మొహమాటం. అందరికీ పంచడానికే అన్నాడు. నేనేం అడగలేదు.

మాటల్లో ఒక సంగతి చెప్పాడు. ప్రతి నవంబరులో బూషా ఒక ఆత్మశాంతి పూజ చెప్పించేదట. ఎవరి ఆత్మకంటే, గెనొవెఫా ఆత్మకి. అమ్మా, నువ్వింకా నా ఎదుటే ఉన్నావు, నీ ఆత్మకి ఇప్పుడే తొందరేమిటి అని ఆయన నవ్వితే, మీరు పేరు చదవండి ఫాదర్, ఎవరికి చేర్చాలో దేవుడికి తెలుసు అనేదట. ఇక ముందు కూడా చెప్పించాలా అని నన్నడిగాడు.

బతికుండగా తన కర్మ తానే చేయించుకునే మనిషిని ఎక్కడైనా చూశామా?

ఇంకోటి. రాద్దామా వద్దా అనుకున్నాను. రాస్తున్నాను. బూషా నన్ను పేరు పెట్టి ఒక్కసారి కూడా పిలవలేదు. మా అన్నలిద్దరినీ నోరారా పిలిచేది. నన్ను మాత్రం "పిట్టా" అనేది. తన పేరు పెట్టుకున్న పిల్ల మీద అంత కడుపుమంట ఏమిటో అని చిన్నప్పుడు దుప్పట్లో ఏడ్చేదాన్ని. ఇప్పటికీ తెలియదు. ఆవిడకి నేనంటే ఇష్టం లేదనే నా నమ్మకం.

ఫిబ్రవరి 17

ఉపవాసాల మొదటి రోజు చర్చిలో నుదుట పెట్టిన బూడిదతోనే పిన్ని ఇంటికి వెళ్ళి నిలదీశాను. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. చివరికి, నీ నోట్లో నువ్వుగింజ నానదు, నీకు చెబితే ఊరికి చెప్పినట్టే అంది. పోలీసుల చెవిన పడితే ఏమవుతుందో తెలుసా అని కూడా అంది. అనేసి నాలిక్కరుచుకుంది.

ఫిబ్రవరి 18

బూషా ఎవరినైనా చంపిందా?

ఫిబ్రవరి 21, ఆదివారం, సాయంత్రం

స్టాషాని చూడ్డానికి వృద్ధాశ్రమానికి వెళ్ళాను. మతి పోలేదు. నాకున్న దానికంటే బాగానే ఉంది. నన్ను చూడగానే, అరవై ఏళ్ళకి నిన్ను నా దగ్గరికి పంపించింది మీ బూషా, తను చచ్చాక అంది.

చెప్పింది. చెప్పినట్టే రాస్తాను.

గెనొవెఫా బూషాకి అక్క. పంతొమ్మిదేళ్ళది. డెట్రాయిట్‌లో ఉన్న తాతకి ఫోటో పంపి సంబంధం కుదిర్చారు. తాత ఓడ టిక్కెట్టు పంపాడు. కాగితాలన్నీ ఆ పిల్ల పేర వచ్చాయి. ఓడ ఇంకా నెల ఉందనగా టైఫస్ జ్వరం వచ్చి ఆ పిల్ల చనిపోయింది. ఇంట్లో తినడానికి తిండి లేదు. టిక్కెట్టు పారేస్తామా అని వాళ్ళ నాన్న చిన్నదాన్ని ఎక్కించాడు. దాని పేరు హాన్యా. దానికి పద్నాలుగేళ్ళు. పెద్దదానిలా కనబడాలని స్కర్టు మీద స్కర్టు తొడిగి, వాళ్ళమ్మ శాలువా కప్పారు. ఇక నుంచి నువ్వు గెనొవెఫావి, పడుకున్నా ఆ పేరుకే పలకాలి అన్నారు. ఓడలో రాత్రుళ్ళు తనే నిద్ర లేపి ఆ పేరుతో పిలిచి నేర్పిందట స్టాషా.

అందుకే స్టాషాని చూస్తే బూషాకి ప్రాణం పోయేది. ఎప్పుడు నోరు జారుతుందో, ఎప్పుడు తిరుగు ఓడ ఎక్కిస్తారో అని. నేను ఎవరికి చెప్పాను, అరవై ఏళ్ళు నన్ను చూసి పారిపోయింది, నాకు మాత్రం ఆ ఊరివాళ్ళు ఇంకెవరున్నారు అని ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది.

మరి తాతకి తెలుసా అని అడిగాను. 

స్టాషా రైల్వే స్టేషన్లో పక్కనే ఉందట. తాత జేబులోంచి ఫోటో తీశాడు. ఫోటో చూశాడు, పిల్లని చూశాడు. పిల్ల వణుకుతోంది. చుట్టూ జనం. ఫోటో జేబులో పెట్టేసుకుని పిల్ల పెట్టె అందుకున్నాడు. తను అద్దెకుండే ఇంటావిడ దగ్గరికి తీసుకుపోయి, ఇది చిన్నపిల్ల, దీన్ని మీ గదిలో పడుకోబెట్టుకోండి అని అప్పజెప్పి, తను వేరే వీధికి మారిపోయాడు. పెళ్ళి నాలుగేళ్ళ తర్వాత. అదీ, ఇష్టమేనా అని అడిగి.

తాత పిసినారి, ఉంగరం కొనడానికి నాలుగేళ్ళు కూడబెట్టాడు అని మా ఇంట్లో ప్రతి పండక్కీ నవ్వుకునేవాళ్ళం. పడీపడీ నవ్వేదాన్ని నేను.

లేవబోతూ అడిగాను, నన్నెందుకు పేరు పెట్టి పిలవలేదని. అడుగుతూనే ఏడ్చేశాను, ముప్పై ఏళ్ళ దాన్ని.

"పిచ్చిపిల్లా," అంది స్టాషా. "నీ బాప్టిజం నాడు దాని ఏడుపు చూసి అందరూ ఆనందం అనుకున్నారు. మీ అమ్మకి ఈ సంగతి తెలియదు కదా, తల్లి పేరే పెట్టాననుకుంది. గెనొవెఫా అని పిలిస్తే దానికి పలికేది నువ్వు కాదే. అక్క."

మార్చి 2

పిన్నికి సగమే తెలుసు. కాగితాలు తనవి కావని జబ్బులో బూషా చెప్పి ఒట్టు వేయించుకుందట. స్టేషను సంగతి తెలియదు. చెప్పాను.  మా నాన్నని పిసినారి అన్నాను నేను, ఆయన ముందే అన్నాను, ఆయన కూడా నవ్వేవాడు అంది.

నేనే బెడ్నార్చిక్‌కి ఫోన్ చేస్తానన్నాను. నువ్వు కాదు, నేను చేస్తాను అని లేచింది. హాన్యా అని పేరు అక్షరం అక్షరం చెప్పింది. మరి పోలీసులు వస్తే అన్నాను. రమ్మను అంది.

జులై 26, సెయింట్ ఆన్ పండగ

ఆన్‌కి పోలిష్ ముద్దుపేరే హాన్యా. హాన్యాలందరికీ ఇవాళే నామదినం, పేరుకి పుట్టినరోజు లాంటిది. పిన్ని గసగసాల కేకు చేసింది. స్టాషాని కారులో తెచ్చాం. ముగ్గురం తిన్నాం.

అమెరికా వచ్చాక మా బూషాకి తన పేరుతో ఇదే మొదటి నామదినం.