ట్యాంకు దగ్గర నాన్న

మంగళవారం

ఇవాళ చరిత్ర క్లాసులో పిల్లలకు యూదు మేస్త్రీల గురించి చెప్పాను. పూర్వం చమురు బావులు కొత్తగా తవ్విన ఒక విదేశీ ఊళ్ళో కూలీలను పనికి పెట్టింది వాళ్ళే. వాళ్ళను యజమానులూ నమ్మలేదు, కూలీలూ నమ్మలేదు. చెబుతున్నంతసేపూ మా మేస్త్రీ నాన్నే కళ్ళ ముందు మెదిలాడు.

ఇంటికొచ్చాక తెలిసింది. చీపురుపల్లి నూనె మిల్లులో, లోపల విషవాయువు ఉందేమోనని గాలి పరీక్ష చేయకుండానే ట్యాంకు కడగడానికి కూలీలను దింపమని నాన్నతో అన్నాడట మేనేజరు.

"ముందు మీరూ నానూ దిగుదాం బాబూ. మనకేటీ కాకపోతే మావోలు దిగుతారు" అన్నాడట నాన్న.

మేనేజరు దిగలేదు. రేపటి నుంచి రావద్దన్నాడు. తమ పని కూడా పోగొట్టాడని కూలీలూ నాన్ననే తిట్టారు.

ఎంత మొండివాడో! గర్వంగానే ఉంది, కానీ భయం...

"రేపేటి సేస్తావు నాన్నా?" అంటే, "ట్యాంకు కాడే నిలబడతాను. గాలి పరీచ్చ సేయకుండా ఎవుడు దిగుతాడో సూస్తాను" అన్నాడు.

చెప్పులు ఇప్పటికే వీధి వైపు తిప్పి పెట్టుకుని పడుకున్నాడు.