పట్టుచీర మీద జారే స్కేలు

నాంపల్లి
సోమవారం

జమునా,

నీ మొండోడు రాస్తున్నాడు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే గోడ అవతల కోడలు వింటుంది. ఇది ఆమె వినగూడని సంగతి. నా వంకర అక్షరాలు చూసి నువ్వొక్కదానివే నవ్వుకో, మీ అక్కకు చదివి వినిపించకు. ఆమె మోకాలి ఆపరేషన్ సంగతి అడిగానని మాత్రం చెప్పు.

నా ఎడమ చేతిలో బలం పోయింది. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఆబిడ్స్‌లో మన దుకాణం ముందు కోడలు భవ్యశ్రీ బోర్డు పెట్టింది కదా, పాతచీరలతో బొంతలు కుట్టిస్తామని. బొంతకు కూడా దుకాణమా అని నేను వెక్కిరించాను. ఆర్డర్లు వచ్చాయి, నా నోరు మూతపడింది. ఇప్పుడు బషీర్‌బాగ్ నుంచి వసుమతి అని ఒక టీచరమ్మ, చనిపోయిన తన తల్లి చీరలు తెచ్చింది. టీచరమ్మ కూతురికి నెలలు నిండాయి. పుట్టిన పసిగుడ్డును ముందు పాతబట్ట మీదే పడుకోబెడతాం కదా, ఆ బట్ట ముత్తవ్వదే కావాలట. అన్నీ నూలుచీరలే, ఒక్కటి మాత్రం ఆ ముత్తవ్వ పెళ్ళినాటి పట్టుచీర. బొంత నడిమి ముక్క దాంట్లోంచి కోయాలి. "మాస్టర్, మా అమ్మ పెండ్లిది గిదొక్కటే మిగిలింది" అని నా చేతుల్లోనే పెట్టింది.

బొంత ముక్కలన్నీ ఒక్క కొలతలో ఉండాలి, లేకుంటే కుట్టుకు కుట్టు కలవదు. కత్తెరతో కోస్తే బట్ట లేచి మూల పోతుంది. అందుకని కోడలు అద్దంలాంటి ప్లాస్టిక్ స్కేలూ, చక్రం కత్తీ తెచ్చింది. ఎడమ చేత్తో స్కేలు అదిమి, దాని అంచు వెంట కుడిచేత్తో చక్రం నడపాలి. ఇవాళ ఒక నూలుచీర మీద నడుపుతుంటే స్కేలు జారింది. చక్రం వంకరగా పోయి కొంగు తెగింది. ఇంకో చీర పరిచాను. మళ్ళీ జారింది. పాడైన ముక్కలు జేబులో దాచాను, జమునా. దొంగలాగ.

చెయ్యి పోయిన కట్టింగ్ మాస్టర్ బల్ల దిగాలి. ఆ మాట చెప్పి ఎంతమందిని దింపానో నీకు తెలుసు. ఈ బొంత కాగానే కత్తెర కోడలికి అప్పజెప్పి ఇంట్లో కూర్చుంటాను. పట్టుచీర మాత్రం నేనే కోస్తాను. దాన్ని ఇంకొకరికి ఇచ్చి దిగిపోతే ఓడిపోయి దిగినట్టు. మన కొడుకు అంజన్‌కు ఏమీ చెప్పకు.

నీ
రామచందర్


నాంపల్లి
బుధవారం

జమునా,

కోడలికి తెలిసిపోయింది. నా అంగీ ఉతకబోతే జేబులో ముక్కలు దొరికాయి. దుకాణానికి వచ్చి స్కేలు కింద ఉప్పుకాగితం అతికించింది. నాకు మండింది. పీకి పారేశాను.

"దీంతోని పట్టుచీర గీకుతవా? జరీ పోగు లేస్తే మీ నాయన వచ్చి అతికిస్తడా?"

"మా నాయనను నడుమకు తేకుండ్రి మామా! అడిగితే చెప్పరు, జేబుల దాస్తరు. ఆర్డరు తీసుకున్నది నేను. రేపు ఆ మేడంకు మొహం చూపించేది నేను!"

కుట్టేవాళ్ళు మిషన్లు ఆపి మరీ చూశారు. కోపంలో ఆమె చీర లాగింది. లాగి, ఆగింది. చేత్తో నిమిరింది.

"మామా, గీ చీరలు గిట్ల మెరుస్తున్నయేంది? రోలింగుకు ఇచ్చిన్రా?"

"ఇచ్చిన. సచ్చిపోయినామె చీరలు ముడతలతోని బల్లమీద పరుస్తరా?"

"గంజి పెట్టిచ్చి, పాలిష్ కొట్టిచ్చి గాజుబండలెక్క చేసిన్రు. దాని మీద ప్లాస్టిక్ స్కేలు జారకుంటే ఏం చేస్తది?"

నిజమే జమునా. చీర అన్నాక రోలింగ్ చేయించి మడత పెట్టడం మనకు మర్యాద. కోసే బట్టకు ఆ మర్యాద పనికిరాదని నాకు తోచలేదు. నూలుచీరలన్నీ ఉత్త నీళ్ళలో జాడించి ఆరేశాం. స్కేలు పెడితే పెట్టినచోటే నిలబడింది. పాడైనవాటికి బదులు ముక్కలు అవే చీరల కుచ్చిళ్ళలోంచి తీశాను. తప్పు బట్టది, చెయ్యి బాగానే ఉంది. కత్తెర ఎవరికీ ఇవ్వను.

పట్టుచీర తడిపితే రంగు కారుతుంది. దాని సంగతి రేపు నేనొక్కడినే చూసుకుంటాను. కోడలు పక్కన నిలబడి చూస్తుంటే నాకు పని సాగదు.

నీ
రామచందర్


ఆబిడ్స్, దుకాణం నుంచి
శనివారం

జమునా,

మొన్న చెయ్యి బాగుందని రాసింది కొట్టెయ్.

గురువారం అందరికంటే ముందు వచ్చి దుకాణం తెరిచాను. అఫ్జల్‌గంజ్ పంచరు దుకాణంలో అడిగి తెచ్చిన సైకిల్ ట్యూబు ముక్కలు స్కేలు కింద అతికించాను. రబ్బరు బట్టను గీకదు. పాలిష్ లేని వెనకవైపు పైకి వచ్చేటట్టు పట్టుచీర తిరగేసి పరిచాను. అన్నీ సరిగ్గానే చేశాను. చక్రం పెట్టి నడిపాను. స్కేలు నా దగ్గరి కొస కదల్లేదు. అవతలి కొస తిరిగింది. బట్ట జారలేదు, నా చెయ్యే అదమలేదు. చక్రం ఎత్తేసరికి కోత చీరలోని జరీ బుటాకు పోగంత దూరంలో ఉంది.

ఇంకోసారి పెట్టడానికి ధైర్యం చాలలేదు, వదిలిపెట్టడానికి మనసొప్పలేదు. అట్లా నిలబడి ఉండగానే కోడలు టిఫిన్ డబ్బాతో వచ్చింది. తెగిన గీతను చూసింది. ఇక దాచలేదు.

"భవ్యా, ఎడమచేతి వేళ్ళు రెండు నా మాట వింటలేవు."

"ఎప్పటినుంచి?"

"చాన్నాళ్ళాయె."

అయ్యో అనలేదు. అని ఉంటే బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. డబ్బా కింద పెట్టి బల్లకు అటువైపు పోయి నిలబడింది.

"ఆ కొస నేను పట్టుకుంట. మీరు నడపండ్రి."

"నీ వేళ్ళ పక్కనుంచే చక్రం పోతది. తెగితే?"

"తెగితే మీ కొడుకు వండుతడు. అప్పుడు మన ఇద్దరికీ శిక్షే."

నాకు నవ్వు రాలేదు. తెగిన గీతకు దూరంగా స్కేలు జరిపాను. ఆమె వేళ్ళు వెడల్పు చేసి దాని మీద ఆనించింది. చిటికెన వేలు అంచు దాటి బయటికి వచ్చి ఉంది. "వేలు లోపలికి" అన్నాను. తీసింది. నడిపాను. ఆమె చెయ్యి దగ్గరికి రాగానే ఆగాను. ఆమె చెయ్యి జరిపి అదిమింది. "ఔ, నడపండ్రి" అన్నది. చక్రం ఆమె గోళ్ళను రాసుకుంటూ పోయింది. ఆమె వేళ్ళు కదల్లేదు. నాలుగు వైపులా అట్లాగే కోశాం. ముక్క మడిచి చూస్తే మూలకు మూల కలిసింది.

ఇవాళ టీచరమ్మ బొంత తీసుకుపోవడానికి వచ్చింది. నడిమి ముక్క మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. కళ్ళు తుడుచుకుని, "మాస్టర్, గిది మీరే కోసిన్రు కదా?" అని అడిగింది. ఔనంటే సరిపోయేది. కుట్టేవాళ్ళందరూ వింటున్నారు.

"నేను కోసిన. మా కోడలు పట్టింది. ఆమె పట్టకుంటే నాతోని అయ్యేది కాదు" అన్నాను.

భవ్యశ్రీ మొహం తిప్పుకుని దారపు ఉండలు సర్దుతూ కూర్చుంది. బల్ల దిగనులే జమునా. అటువైపు మనిషి ఉంది.

నీ
రామచందర్