నాడి దొరకని పాదం

పూండి,
కార్తీక సోమవారం

నా ప్రమోదినికి,

ఫోనులో మాట్లాడితే మీ అమ్మ పక్కనే ఉంటుంది కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. పురిటికి డొంకూరు వెళ్ళినదానివి, భయపెట్టకూడదని ఇన్నాళ్ళూ దాచాను. నా ఎడమకాలి బొటనవేలు నల్లబడింది. పుండు మానడం లేదు.

వింత జబ్బు ఇది. నడిస్తే పిక్క పట్టేసి ప్రాణం తీస్తుంది, నిలబడితే ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. విశాఖలో డాక్టరు పాదం మీద వేలు పెట్టి వెతికి, "ఇక్కడ నాడి దొరకట్లేదు. రక్తనాళాలు మూసుకుపోతున్నాయి. చుట్ట కాలుస్తావా?" అన్నాడు. ముప్పై ఏళ్ళవాడికి ముసలాళ్ళ జబ్బేమిటని, హిరణ్యకశిపుడు ప్రహ్లాదుణ్ణి నిలదీసినట్టు నిలదీశాను. ఇది పొగాకు వాడే కుర్రాళ్ళనే పట్టేదట. వాడినవాళ్ళందరినీ ఎందుకు పట్టదో వాళ్ళకీ పూర్తిగా తెలియదట. తెలియదని ఒప్పుకున్న పండితుణ్ణి అప్పుడే చూశాను!

అప్పట్నుంచి నాకదే పిచ్చి. ఊళ్ళలో నేను పురాణం చెప్పడం అయ్యాక నా కాళ్ళకి మొక్కడానికి వచ్చినవాళ్ళ కాళ్ళు నేనే పట్టుకుని నాడి వెతుకుతున్నాను. పైడమ్మ పెద్దమ్మకి డెబ్బై దాటాయి, చుట్టకి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది. ఆవిడ పాదంలో నాడి డప్పులా కొట్టింది. "ఏట్రా గురువా, నా కాలు దొంగిలించుకుపోతావేటి?" అంది. అందరూ నవ్వారు. నిప్పు మింగే ఆవిణ్ణి వదిలి నన్నెందుకు పట్టింది?

దసరాకే చుట్ట మానేశాను. ఒట్టు. అయినా రెండో వేలూ రంగు మారుతోంది. ఇలాగే పోతే పాదం, ఆపైన మోకాలి దాకా తీసేయాలంటున్నారు. మానినా ఆగనిది మందుకి ఆగుతుందా? ఇక ఆసుపత్రి గడప తొక్కను. పూరీ జగన్నాథుడికి పాదాలే చెక్కలేదు, లోకం మొక్కడం మానిందా? నువ్వు బిడ్డతో మీ అమ్మ దగ్గరే ఉండిపో. చేపల వేటకి పనికిరాని కుంటివాడికి వండిపెట్టడానికి రానక్కరలేదు.

నీ
యువరాజు


పూండి,
సుబ్రహ్మణ్య షష్ఠి మర్నాడు

కోపం తగ్గిందా, ప్రమోదినీ?

ఉత్తరం అందిన పూట ఫోనులో నువ్వు అరిచిన అరుపు డొంకూరు రేవంతా విని ఉంటుంది. "జగన్నాథుడి రథం లాగడానికి లచ్చల మందున్నారు. నిన్నెవులు లాగుతారు, నానేనా?" అన్నావు. నేను పురాణాల్లో జవాబు వెతికేలోగా ఇంకో ప్రశ్న వేశావు: "సుట్ట మానీసినావు సరే, గుడాకు మానీసినావా?"

నవ్వాను. గుడాకుతో పళ్ళు తోముకుంటాం గానీ కాలుస్తామా అన్నాను. "అది పొగాకూ బెల్లమూ కలిపిన ముద్ద కాదేటి? ఒక్క నోటికి రోజుకెన్నిసార్లు తోముడు?" అన్నావు.

గుడాకు డబ్బా పట్టుకుని విశాఖ వెళ్ళాను. డాక్టరు వాసన చూసి తల పట్టుకున్నాడు. "కాల్చడం మానావా అని నేనడిగాను, మానానని నువ్వు చెప్పావు. ఇద్దరం నిజమే చెప్పుకున్నాం" అన్నాడు. చిగుళ్ళలోంచి వెళ్ళినా రక్తంలో కలిసేది ఆ విషమేనట. నాకు భయం కన్నా ఆశ్చర్యం ఎక్కువైంది, అడిగిందే అడిగాను. పూర్తిగా మానినవాళ్ళలో చాలామందికి పాదం దక్కుతుందట. నడిస్తే నొప్పి కొంత మిగలొచ్చు, చలికి వేళ్ళు మొద్దుబారొచ్చు. కానీ బతికినన్నాళ్ళూ చిటికెడు కూడా ముట్టకూడదు. బొటనవేలి కొస మాత్రం ఇక బతకదు. వచ్చే వారం తీయించుకుంటున్నాను. ఆసుపత్రికి వెళ్ళనన్న మాటా, నిన్ను రావద్దన్న మాటా వెనక్కి తీసుకున్నాను.

నిన్న సుమ్మాదేవి ఊళ్ళో బలి చక్రవర్తి కథ ఎత్తుకున్నాను. ఇచ్చిన మాట తప్పకూడదని గర్జించే చోట గుడాకు కోసం నాలుక పీకి, చెమటలు పట్టి ఆగిపోయాను. ఎందుకో దాచలేక చెప్పేశాను. ముందు వరసలో కుసుమ అనే కొత్త కోడలు జాలిపడి కొంగుముడి విప్పింది. "ఈ పూటకి సిటికెడు ఏసుకో గురువా, కత సగంలో ఆగిపోకూడదు" అని తన గుడాకు డబ్బా అందించింది.

చెయ్యి చాచాను, ప్రమోదినీ. వేళ్ళు డబ్బాకి తగిలాక లేచి, కథ అక్కడే వదిలి స్టేషనుకి నడిచాను.

వేలు తీయించుకోగానే డొంకూరు వస్తాను. మీ అమ్మ ఇల్లరికమని ఎగతాళి చేస్తే చెయ్యనీ. ఊళ్ళకి ధర్మం చెప్పే నోరు ఇది. నాకు దీని మీద నమ్మకం లేదు. రోజూ పొద్దున్నే వాసన చూసే పని నీది.

నీ తిట్లకి ఎదురుచూస్తూ,
యువరాజు