గోడకాగితం వెనక లెంపి అత్త పాట

తాంపెరె, సెప్టెంబరు 9

అమ్మా, నేను క్షేమం. పియానో తీగ తెగి చేతికి తగిలిన గాయం మానింది.

నాకొక అనుమానం పట్టుకుంది. నిన్న మా పియానోల మరమ్మతు షాపుకి హెల్సింకి నుంచి ఒక సంగీత పండితుడు వచ్చాడు. మరుగునపడ్డ మన ఫిన్లండ్ వాళ్ళ పియానో సంగీతం వెతికి తీస్తున్నాడట. నేను తీగలు బిగించిన పియానో మీదే ఒకటి వాయించి, "ఎవరో పేరు తెలియని మహానుభావుడు రాసిందమ్మాయ్" అన్నాడు. అది మన లెంపి అత్త పాట! కాగితాలు తిప్పి చూస్తే వెనక మన గది గోడకాగితపు నీలిపూలు అంటుకునే ఉన్నాయి. యుద్ధంలో కాగితం దొరక్క అత్త తను రాసిన పాటల కాగితాల్నే గోడకాగితం కింద అస్తరుగా అతికించింది కదా.

"ఇది మా మేనత్తది" అన్నాను.

"పియానోలు తుడిచే పిల్లవి, నీకేం తెలుసు?" అని నవ్వాడు.

అతని దగ్గర లేని చివరి పుట, చిన్నప్పుడు అత్త నేర్పింది, వాయించాను. నవ్వు ఆగిపోయింది. రాసుకోడానికి పెన్సిలు తీశాడు.

"ముందు మా అత్త పేరు రాయండి, మాస్టారూ."

"పేరుదేముంది, తరవాత చూద్దాం."

పియానో మూత వేసేశాను.

గోడకాగితం ఊడదీసి అతనికిచ్చింది ఎవరు? తౌనో అన్నయ్యేనా? దాచకుండా రాయి. చివరి పుట ఇంకా పొయ్యి వెనక గోడమీదే ఉండాలి, ఎవర్నీ ముట్టనివ్వకు. ఆ మనిషి వస్తే కాఫీ ఇవ్వు, కాగితం మాత్రం ఇవ్వకు. బంగాళాదుంపలు తవ్వారా? ఉన్ని మేజోళ్ళు పంపు.

అత్తకి నా దండాలు. ఈ కార్డు ఆవిడకి చదివి వినిపించు. పేరు వద్దనుకుంటే ఆ మాట అత్తే చెప్పాలి. అంతవరకూ ఆ చివరి పుట నా వేళ్ళు దాటి బయటికి రాదు.

నీ ఐలి